చెరువుగట్టుకు చాలే గిటారు

"ఉన్నవాటిలో చవకది చూపించండి. త్వరగా."

కొట్టు మెట్టు ఎక్కకుండానే అడిగాడు బుల్లిబాబు. మేడ్చల్ బస్టాండు వెనక, ఎస్టీడీ బూతును ఆనుకుని ఉన్న ఆ కొట్టు పెళ్ళి బ్యాండు వాళ్ళ సామాన్లది. డోలుకు తోలు బిగిస్తున్న పరమేశ్ తలెత్తి చూశాడు. వచ్చిన మనిషి కాళ్ళకు చెప్పుల్లేవు. పంచె తడిసి ఉంది, అంచులకు బురద. ఎక్కి వచ్చిన ఆటో ఇంజను ఆపకుండా రోడ్డు మీదే గుడగుడమంటోంది.

"చవకదంటే ఏంది సార్? డోలా, సన్నాయా?"

"గిటారు."

పరమేశ్‌కు నవ్వొచ్చింది. "గీ వయసుల నేర్సుకుంటరా?"

"నాక్కాదండీ. మా అబ్బాయికి."

"గట్ల జెప్పున్రి." దూలానికి వేలాడుతున్న గిటారును దించి గుడ్డతో దులిపాడు. "గిదొక్కటే ఉన్నది. ప్లైవుడ్డుది, కచేరీలకు పనికి రాదు. బాబు ఇంట్ల వాయిస్తడా, బయటనా?"

"బయటే. శామీర్‌పేట చెరువుగట్టు మీద."

"అయితే గిదే తీస్కపోన్రి. ఎండకు, వానకు ఖరాబైనా పరేషాన్ గానక్కర్లే."

బుల్లిబాబు గిటారు మీద చెయ్యి వేశాడు. దీక్షిత్ అడిగింది కూడా సరిగ్గా ఇలాంటిదే. 'ఖరీదైంది వద్దు నాన్నా, ఫ్రెండ్స్‌తో గట్టు మీద కూర్చుని వాయించుకోడానికి ఏదో ఒకటి చాలు' అన్నాడు. పరీక్షలయ్యాక చూద్దామన్నాడు తను. పరీక్షలయ్యాయి. మార్కులు రానీ అన్నాడు. మార్కులొచ్చాయి. సీటు రానీ అన్నాడు. సుచిత్ర సెంటర్లో బస్సు దిగి ఇంటికి నడిచే దారిలో అద్దాల కొట్టొకటి ఉంది. లోపల గోడ నిండా గిటార్లే. దాని ముందుకు రాగానే వాడు నడక తగ్గించేవాడు, తను పెంచేవాడు.

"బాబును గూడ తోల్కొస్తే మంచిగుంటుండె సార్. చేతుల వట్టి సూస్కుంటుండె."

"వాడు రాడండీ." బుల్లిబాబు ఆటో వైపు చూశాడు. "పొద్దుట్నుంచీ మెతుకు ముట్టలేదు. వాళ్ళమ్మ అన్నీ వాడికిష్టమైనవే చేసింది. చుట్టాలందరూ బతిమాలారు. దగ్గరికే రావట్లేదు."

"అలిగిండా? గీ కాలం పోరగాండ్లు గంతే సార్. మావోడు సైకిల్ గావాలని రెండు పూటలు తినలే. కొనియ్యంగనే ఉరికొచ్చి మస్తుగ తిన్నడు."

"అయితే... ఇది చూస్తే తింటాడంటారా?"

తండ్రులు కొడుకుల మీద విసుక్కోవడం పరమేశ్ చూశాడు గానీ, ఇలా కొట్టువాడి మొహంలో జవాబు వెతుక్కోవడం చూడలేదు.

"తినకేం జేస్తడు సార్? ఆగున్రి, తీగలు జర లూజున్నయి. సరిజేసిస్త."

"వద్దండీ. మధ్యాహ్నం దాటితే ఇక లాభం లేదు."

చేతికొచ్చిన నోట్లు ఇచ్చేసి, చిల్లర కోసం ఆగకుండా ఆటో ఎక్కాడు. ఒళ్ళో గిటారు ప్రతి గుంతకూ మూలిగింది. దాన్ని రెండు చేతులా పొదివి పట్టుకున్నాడే గానీ, ఇది తీసుకెళ్ళినా వాడు వస్తాడన్న ఆశ ఆయనలో లేదు. మొండితనంలో వాడు అచ్చం తన పోలికే. ఈ ఒక్క పూటా తింటే చాలు, ఆ తర్వాత తనను ఎన్నటికీ క్షమించకపోయినా పడి ఉంటాననుకున్నాడు.

చెరువు దగ్గర బాలాత్రిపురసుందరి నడి ఎండలో కూర్చుని ఉంది. ఎదురుగా విస్తరిలో గారెలు బిరుసెక్కిపోయాయి. భర్తను చూసి విస్తరి వైపు చెయ్యి చూపింది.

"ఇంకా రాలేదండీ. ఎన్ని విధాల పిలిచానో."

"బావా, నువ్వే చెప్పి చూడు," అన్నాడు ఆమె తమ్ముడు మెల్లగా. "కోపం నీ మీదే ఉన్నట్టుంది. మేమంతా వెనక్కి జరుగుతాం. ఇంతమందిని చూసి జంకుతున్నాడేమో."

చుట్టాలందరూ దూరంగా వెళ్ళి నిలబడ్డారు. వాళ్ళ కళ్ళన్నీ తుమ్మచెట్ల వైపే ఉన్నాయి. బుల్లిబాబు విస్తరికి కాస్త ఎడంగా చతికిలబడ్డాడు. గిటారు ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

"దీక్షితూ, తెచ్చాన్రా. నువ్వడిగినదే. ఇన్నాళ్ళూ తిప్పించుకున్నాను, తప్పు నాదే. రారా నాన్నా. ఒక్క ముద్ద తిను, చాలు."

చెరువు మీంచి గాలి వచ్చింది. ఇంకేమీ రాలేదు. ఆయన మూసిన కళ్ళలోంచి నీళ్ళు కారి గిటారు చెక్క మీద పడ్డాయి.

"ఏవండీ, కదలకండి..." వెనక నుంచి బాలాత్రిపురసుందరి ఊపిరి బిగబట్టి ఏదో అంది. ఆయన చెవికెక్కలేదు. ఆయన ఆలోచనంతా కొడుకు మీదే ఉంది. వాడికి నమ్మకం కుదరలేదు, అంతే. ఎలా కుదురుతుంది? ఎన్నిసార్లు మాట ఇచ్చి తప్పాడు తను! ఉత్త మాటలు కావని ఈసారి వాడికి తెలియాలి. నిజంగా కొన్నానని వాడి చెవులకు వినపడాలి.

బుల్లిబాబు చెయ్యెత్తి, బలమంతా పెట్టి, తీగలన్నిటినీ ఒక్కసారిగా మీటాడు.

ఆ మోతకు, పిండం దాకా వచ్చిన కాకి బెదిరి ఎగిరిపోయింది.