దించని పీఠం

బొలేరో గాయని దెల్ఫీనా ఓరోస్కో జీవితం మీద తీస్తున్న సినిమాలో ఆమె పోయాక తొమ్మిదో రాత్రి జరిగే ప్రార్థన సన్నివేశం ఆ సాయంత్రమే సగం తీశారు. బర్రాంకియా శివార్లలోని ఆ అద్దె ఇంట్లో సౌండ్ రికార్డిస్టు యాదిరా ఒక్కతే ఆగింది. తర్వాత మాటల వెనక కలపడానికి ఖాళీ గది నిశ్శబ్దాన్ని కాసేపు రికార్డు చెయ్యాలి.

ఇంటావిడ ఎనెయిదా గుమ్మం దగ్గర నిలబడి, షూటింగు కోసం పోయినవాళ్లకి పెట్టినట్టు పెట్టిన పీఠం వైపు చూసింది. కొవ్వొత్తులు, ఫోటో, దాని ముందు గ్లాసు నిండా నీళ్లు.

"ఇంకా తియ్యలేదేమే? తొమ్మిది రాత్రులు దాటితే ఉంచకూడదు. పీఠం దించితేనే కదా, పోయినవాళ్లు వెళ్లేది!"

"రేపు కూడా షూటింగుంది పెద్దమ్మా. ఇది ఉత్తుత్తి పీఠమేలే."

"పీఠం ఉత్తుత్తిదే. ఫోటో దెల్ఫీనాదేగా? మీ హీరోయిన్‌ది పెట్టుకోవాల్సింది! దెల్ఫీనా రెండు గుక్కలు తాగందే గొంతెత్తేది కాదు, మహాతల్లి."

ఆవిడ గొణుక్కుంటూ వెళ్లిపోయింది. యాదిరా తలుపు మూసి, ఫ్యాను ఆపి, హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. గదిలో దోమ చప్పుడు కూడా లేదు.

చెవి పక్కనే ఎవరో గుటక వేశారు.

ఆమె తల తిప్పి చూసింది. గ్లాసులో నీళ్లు సగానికి దిగాయి.

మరో గుటక వినిపించింది. ఆ తర్వాత చాలాసేపు ఏమీ లేదు.

అప్పుడు, పాట ఎత్తుకోబోయే మనిషిలా, ఎవరో గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నారు.