పెత్తనం లేని గోదాము

గోదాములోని నలభై బండ్లూ కలిసి పదిహేడో నంబరును వెలేశాయి.

ఆ సంగతి కనిపెట్టిన రోజున ఆ బండ్ల డిజైనరుకు కాలు నేల మీద నిలవలేదు. ఎవరూ చెప్పకుండా, వాటంతట అవే కూడబలుక్కుని చేసిన పని!

ఆసుపత్రులకు పంపే మందుల పెట్టెలను ఆ బండ్లు డ్రైవర్లు లేకుండా మోస్తాయి. వాటికి నాయకుడు లేడు. ఎవరినీ గుద్దుకోకు, దగ్గర్లో ఉన్న పని అందుకో, పక్కవాళ్లను చూసి నేర్చుకో. ఆయన నేర్పింది ఇంతే. లోపల కదిలే ప్రతిదానికీ ఒక ట్యాగు. చిన్నా పెద్దా తేడా లేకుండా కంప్యూటరే తోచిన నంబరు ఇస్తుంది. ఎవరి మీదా ఎవరికీ పెత్తనం ఉండకూడదన్నది ఆయన సిద్ధాంతం. దాని గురించి తరచూ మీటింగు పెట్టి, తనొక్కడే మాట్లాడేవాడు.

సాయంత్రం ఆ రోజు కదలికలన్నీ తెర మీద చుక్కలుగా వేసుకుని చూశాడు. పదిహేడు ఒక వరుసలోకి రాగానే మిగతావి మర్యాదగా పక్క వరుసలోకి జారుకుంటున్నాయి. దాని పనితీరు చూస్తే ఆయనకే ఒళ్లు మండింది. ఒక్క పెట్టె మోయదు. పని జరిగే చోటికల్లా వెళ్లి నడిమధ్యన నిలబడుతుంది. నీళ్ల మిషను దగ్గర ఆగిందంటే ఇక కదలదు.

భోజనాల దగ్గర భార్యకు చెప్పాడు.

"పాపం, అదేం తప్పు చేసింది?" అంది ఆవిడ.

"తప్పని కాదే. ప్రతిదాంట్లో వేలు పెడుతుంది. అది వచ్చిందంటే జరిగే పని కాస్తా ఆగిపోతుంది. దానికేమో ఆ సంగతే తెలీదు!"

ఆవిడకు పొలమారింది. నాన్న సిద్ధాంతం మొదలుపెట్టేలోపే పిల్లలిద్దరూ కంచాలు పట్టుకుని వంటింట్లోకి జారుకున్నారు.

మందులు ఆలస్యమవుతున్నాయని ఆసుపత్రుల వాళ్లు గొడవ చేస్తున్నారు. ఈ నెలలో దారికి రాకపోతే బండ్లన్నీ అమ్మేస్తానని మేనేజరమ్మ ముందే చెప్పింది. అదే జరిగితే ఆయన కష్టమంతా నీళ్లపాలే.

మర్నాడు పొద్దున్నే మేనేజరమ్మ గదిలోకి దూసుకెళ్లాడు.

"మేడమ్, రోగం దొరికింది! పదిహేడు. దాన్ని లోపలికి రానివ్వకపోతే చాలు, మందులు టైముకి వెళ్లిపోతాయి."

ఆవిడ కంప్యూటర్లో ఏదో చూసింది. తలెత్తి ఆయన్ను చూసింది. మళ్లీ కంప్యూటర్ను చూసింది.

"బాగా ఆలోచించే చెప్తున్నారా?"

"ఇందులో ఆలోచించడానికేముంది మేడమ్? మొహమాటానికి పోతే మనం మునుగుతాం. నలభై బండ్లూ ఇచ్చిన తీర్పు, కాదనడానికి మనమెవరం?"

ఆవిడ కుర్చీలోంచి లేచి, గొంతు సవరించుకుంది.

"అయితే రేపట్నుంచి మీరు ఇంట్లోంచే పనిచెయ్యండి సార్," అంది, ఆయన మెడలో వేలాడుతున్న పదిహేడో నంబరు ట్యాగు కోసం చెయ్యి చాస్తూ.