ముందు ఎడమ కాలు

“ముందు ఎడమ కాలు అసలుది కాదమ్మా.”

నేల మీద మోకాళ్లూని కుర్చీ కిందికి చూస్తున్న ముసలాయన ఆ మాట అనగానే హెస్టర్ ప్లమ్‌లీ టీ కప్పు పక్కన పెట్టేసింది.

ఇంగ్లండులోని లడ్లో ఊళ్లో పురాతన వస్తువుల కొట్టు ఆమెది. ముప్ఫై ఏళ్ల వ్యాపారం. మెచ్చుకునేవాడు చూసిపోతాడు, వంక పెట్టేవాడే కొంటాడు. ఈ లెక్క ఆమెకు ఎన్నడూ తప్పలేదు.

“కళ్లజోడు తుడుచుకుని చూడండి తాతగారూ! విక్టోరియా రాణి కాలంనాటి కుర్చీ అది. ముందుగదిలో ఆడవాళ్లు కూర్చునేది. వెడల్పు గౌన్లు పట్టాలని చేతులు పెట్టలేదు. అక్రోటు కర్ర, లోపల గుర్రపు వెంట్రుకలు. నాలుగు కాళ్లూ ఒకే తల్లి పిల్లలు.”

“మూడే తల్లీ. నాలుగోది పెంపుడు బిడ్డ” అని నవ్వాడాయన.

“సరే, మీరెంతకి అడుగుతారు?”

“నేనా? నేను అడగడమేమిటి?”

“మరి నా సరుక్కి వంకలెందుకు? కాలన్నారు, తర్వాత వీపంటారు, చివరికి యాభై పౌన్లకి కట్టివ్వమంటారు. వారానికి ముగ్గురొస్తారు మీలాంటివాళ్లు.”

“అమ్మేటప్పుడు ఆ సంగతి చెప్పి అమ్ము. నీకు మాట రాకూడదని చెప్తున్నా.”

“నా మాట నేను చూసుకుంటాలెండి. వెళ్లి రండి, నాకు పనుంది.”

ఆయన కుర్చీ పట్టుకుని మెల్లగా లేచాడు. లేచాక కూడా దాని వీపు మీది చెయ్యి వెంటనే తీయలేదు.

“ఎండలో పెట్టకు తల్లీ, పైన పట్టుగుడ్డ వెలిసిపోతుంది” అని టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

హెస్టర్‌కు నిజంగానే పనుంది. నాలుగు గంటలకు బాత్ నగరం నుంచి మిసెస్ ఆర్చర్డ్ ఆ కుర్చీ కోసం వస్తోంది. పెద్ద వ్యాపారి. కుర్చీ అంతా అసలుదైతే తొమ్మిది వందల పౌన్లు. ఒక్క కాలు మారినా రెండు వందలు దాటదు. అంతకంటే పెద్ద నష్టం మరొకటుంది. అతుకుల సరుకును అసలుదని అంటగట్టిందన్న పేరు ఒక్కసారి వస్తే, ఇక వ్యాపారి అన్నవాడు ఆ గుమ్మం తొక్కడు.

అందుకే ధర కట్టే గ్రైస్‌ను పన్నెండింటికి పిలిపించింది.

గ్రైస్ చుట్టూ తిరిగాడు. వేలితో తట్టాడు. కాళ్ల కింది ఇత్తడి చక్రాలు తిప్పి చూశాడు.

“అంతా అసలుదే. తొమ్మిది వందలు.”

“ముందు ఎడమ కాలు?”

“దానికేం? రెండు ముందు కాళ్లలో అదే బాగుంది. దీని మీద చెక్కిన ఈ ఆకు చూడు. కుడి కాలి ఆకు కూలికి చెక్కినట్టుంది. ఇది ఇష్టపడి చెక్కినట్టుంది.”

“కింద గుడ్డ విప్పి చూడకూడదూ?”

“విప్పితే మళ్లీ కుట్టించాలి. నా మాట చాలదా ఏం?”

ఫీజు పుచ్చుకుని భోజనానికి వెళ్లిపోయాడు.

మామూలుగా అయితే ఆ మాట చాలు. కానీ ‘అదే బాగుంది’ అన్నది హెస్టర్‌కు ముల్లులా గుచ్చుకుంది. ఒకే చేతి పనిలో ఒక కాలు రెండో కాలిని మించడం ఆమె ఎప్పుడూ చూడలేదు.

తలుపుకు గొళ్లెం వేసి కుర్చీ తిరగేసింది. అడుగున ఉన్న నల్లగుడ్డ మేకులు ఒక్కొక్కటే ఊడదీసింది. కుర్చీలు బాగుచేసేవాళ్లు ఎవరికీ కనబడనిచోట పెన్సిలుతో పేరు రాసుకుంటారు. ఇక్కడా రాసి ఉంది.

‘ముందు ఎడమ కాలు కొత్తది. చెక్కినది ఆల్బన్ రడ్జ్, 1962. అమ్మేవారు కొనేవారికి చెప్పవలెను.’

నాలుగింటికి మిసెస్ ఆర్చర్డ్ గుమ్మంలో అడుగు పెట్టగానే హెస్టర్ చెప్పేసింది.

“ఒక కాలు తర్వాత మార్చినది. రెండు వందలిచ్చి తీసుకెళ్లు.”

మిసెస్ ఆర్చర్డ్ ఆమెను ఎగాదిగా చూసింది.

“బతికావు హెస్టర్! ఇంటికెళ్లగానే నేను మొదట విప్పేది ఆ అడుగు గుడ్డే. ఆ తర్వాత బాత్‌లో నీ పేరెత్తితే ఎవరూ పలికేవారు కారు.”

కుర్చీ వ్యాను ఎక్కింది. ఏడు వందలు పోయాయి, పేరు నిలిచింది. హెస్టర్ లెక్కలో అది లాభమే. పొద్దున తరిమేసిన ముసలాయనకు ఒక కప్పు టీ అయినా ఇచ్చి ఉండాల్సిందనిపించింది. ఆయన పేరేమిటో, ఊరేమిటో తెలియదు. కనీసం ఆ పనివాడి గురించైనా తెలుసుకుందామనుకుంది. కుర్చీని ఇంటి సామానంతటితో కలిపి తనకు అమ్మినతని ఇంటిపేరు కూడా రడ్జే. అతనికి ఫోన్ చేసింది.

“డెరెక్‌గారూ, మీవాళ్లలో ఆల్బన్ అని ఎవరైనా ఉండేవారా?”

“మా పెదనాన్నండీ. వడ్రంగం చేసేవాడు. మీరు ఖాళీ చేయించింది ఆయన ఇల్లే.”

ఇల్లు ఖాళీ చేయడానికి పిలిచారంటే ఆ ఇంటాయన పోయాడనే ఈ వ్యాపారంలో లెక్క. ఎవరూ అడగరు. హెస్టర్ కూడా అడగలేదు.

“గొప్ప పనివాడండీ. బతికుండగా ఒక్కసారి చూసి ఉంటే బాగుండేది.”

“బతికుండగానా? ఇందాక రెండు గంటల రైలుకే కదండీ ఎక్కించాను! ఇక స్కాట్లాండులో మా అక్క దగ్గరే ఉంటాడు. ఇటు రావడం కుదరదు.”

హెస్టర్ పొద్దున కుర్చీ ఉన్న చోటు వైపు తిరిగింది.

“రైలెక్కే ముందు పోయిన మా పెద్దమ్మ కూర్చున్న కుర్చీకి ‘వెళ్లొస్తా’నని చెప్పి వస్తానని పెదనాన్న అంటే, పొద్దున మీ కొట్టు దగ్గర దింపింది నేనేనండీ” అన్నాడు డెరెక్.