బుట్టలో ఫోను

"హలో, బంగారక్కా?"

మొగుడి ఫోనులో ఆడగొంతు వినబడేసరికి హరిణి చేతిలో కాఫీ ఒలికింది.

అభిజిత్ ఆఫీసు వాళ్ళతో కలిసి అండమాన్‌లో ఒక దీవికి వెళ్ళాడు. ఆ పొద్దున బ్రూక్‌ఫీల్డ్‌లోని తమ ఇంట్లో టీవీ పెట్టగానే వార్త. సముద్రంలో భూకంపం వచ్చిందట, దీవులకు సునామీ హెచ్చరికట. హరిణికి పై ప్రాణాలు పైనే పోయాయి. చేయగా చేయగా ఇప్పటికి ఫోను కలిసింది.

"ఎవరు నువ్వు?"

"చాందినిని అక్కా, సార్ ఆఫీసే. భయపడొద్దు. సార్ బాగుండాడు. అందరితో పాటు కొండ మీద ఉండాడు."

"కొండ మీదుంటే ఆయన ఫోను నీ దగ్గరెందుకుంది?"

"అది పెద్ద కత అక్కా, మళ్ళా చెప్తా. ఉండు, ఇంకో ఫోను కొట్టుకుంటా ఉండాది."

కట్ చేసేసింది. కట్ అయ్యే ముందు వెనక అలల హోరు వినబడింది.

మొగుడు క్షేమమని తెలిస్తే ఇంకొకరైతే దేవుడికి దండం పెట్టుకునేవారు. హరిణికి ఒళ్ళు మండింది.

'బంగారు' అని తనను పిలిచేది అభిజిత్ ఒక్కడే. అదీ తలుపులు వేసుకున్నాక. ఆ పేరు ఇంకో ఆడదాని నోట్లోకి ఎలా వెళ్ళింది?

పెళ్ళైన కొత్తలో ఆ దీవికే తీసుకెళ్తానన్నాడు. ఈ ఏడు కాదు వచ్చే ఏడు అంటూ నెట్టుకొచ్చాడు. చివరికి తను మాత్రం వెళ్ళాడు. "ఫ్యామిలీలకు పర్మిషన్ లేదు బంగారూ" అన్నాడు.

దీవి నుంచి అభిజిత్ పంపిన ఆఫీసు గ్రూపు ఫొటోను హరిణి ఫోన్లో తెరిచింది. అసూయకు కళ్ళుండవంటారు. హరిణి అసూయకు కళ్ళే కాదు, జూమ్ కూడా ఉంది. రెండు వేళ్ళతో సాగదీసి చూస్తే, పసుపు చుడీదార్ వేసుకున్న పిల్ల ఒకతె అభిజిత్ పక్కనే నిలబడి నవ్వుతోంది. ఆ ఫొటోలో ఇంకా చాలామంది ఉన్నారు గానీ, వాళ్ళెవరూ హరిణికి ఆనలేదు.

సాయంత్రానికి హెచ్చరిక ఎత్తేశారు. అల రాలేదు. రెండో రోజుకు అభిజిత్ ఇల్లు చేరాడు.

"నీ ఫోన్ ఎవరెత్తారు?" చెప్పులు విప్పకముందే అడిగింది.

"ఎవరెత్తుతారు? నా దగ్గరే లేదు. ఒక పూట ఫోన్లు లేకుండా ఉండాలని ఏదో గేమ్ పెట్టారు. అందరివీ ఒక బుట్టలో వేయించుకున్నారు. సైరన్ మోగగానే అవి అక్కడే వదిలేసి పరిగెత్తాం."

"ఓహో! అయితే బుట్టలో ఫోను దానంతటదే మాట్లాడిందా?"

"నాకేం తెలుసు హరిణీ!"

అబద్ధమైతే కాస్త నమ్మేలా అల్లుకునేవాడు పాపం. నిజం కాబట్టి అతకలేదు.

మర్నాడే హరిణి అభిజిత్ పైఅధికారికి మెయిల్ పెట్టింది. పెళ్ళైన మగవాళ్ళ ఫోన్లెత్తి, వాళ్ళ పెళ్ళాలతో అక్కా అని వరసలు కలిపే పిల్లను ఆఫీసులో ఎలా ఉంచుకున్నారని కడిగేసింది. తన పేరు మాత్రం బయటికి రానివ్వొద్దంది.

నెల తిరక్కుండానే అభిజిత్ అన్నం తింటూ అన్నాడు, "మా చాందిని ఉద్యోగం మానేసింది."

"ఏమట?"

"తెలీదు. ఎవరితోనూ ఒక్క మాట చెప్పకుండా వెళ్ళిపోయింది."

హరిణి అడక్కుండానే ఇంకో గరిటెడు పప్పు వడ్డించింది.

ఆ ఆదివారం మార్త ఇంట్లో కృతజ్ఞత కూడిక. ఆమె భర్త కూడా ఆ దీవి నుంచి తిరిగొచ్చినవాడే. అందుకని ఆఫీసు వాళ్ళందరినీ ఆలుమగలుగా పిలిచింది. ప్రార్థన అయ్యాక, దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెప్పడానికి మార్త లేచి నిలబడింది.

"ఆ పొద్దు నేను ఏడుస్తా ఫోన్ చేస్తే మా ఆయన ఎత్తలా. ఒక పాప ఎత్తింది. 'పెద్ద మేడమ్ అక్కా, భయపడొద్దు, సార్ బాగుండాడు' అనింది. ఆయన ఫోన్లో నా పేరు 'పెద్ద మేడమ్' లెండి. అది చూసి అట్లే పిలిచింది."

అందరూ నవ్వారు.

"నన్ను 'సీబీఐ అక్కా' అనింది!" అంది పక్కనున్న ఫర్హానా, భర్తను మోచేత్తో పొడుస్తూ. "ఏం పేరు పెట్టుకున్నాడో అప్పుడే తెలిసింది నాకు."

హరిణికి నవ్వు రాలేదు. అభిజిత్ ఫోన్లో తన పేరు ఏమని ఉంటుందో ఆమెకు తెలుసు.

మార్త కళ్ళు తుడుచుకుంది. "చాందినినీ పిలుద్దామని చీర తెచ్చి పెట్టినా. ఎవరో మెయిల్ పెట్టి ఆ పిల్ల పొట్ట కొట్టినారంట. ఇప్పుడు ఫోన్ చేస్తే నంబరే లేదంటా ఉండాది."

హరిణి భర్త చెవి దగ్గరికి వంగింది.

"అభీ, ఆ బుట్ట ఎక్కడుండింది?"

"పడవలు ఆగే చోట, టికెట్లిచ్చే గదిలో. నీళ్ళకు ఆనుకునే ఉంటుంది. సిగ్నల్ వచ్చేది ఆ ఒక్కచోటే."

"చాందిని మీతో కొండెక్కలేదా?"

"లేదు. అందరినీ ఎక్కించి తను కనబడకుండా పోయింది. ఏదో పడవ పట్టుకుని పారిపోయుంటుంది పిరికిది అని పైన కూర్చుని నవ్వుకున్నాం."

హరిణి చెవుల్లో ఆనాటి అలల హోరు మళ్ళీ వినబడింది.

సముద్రం మీదికొస్తుందని అందరూ కొండెక్కిన ఆ పూట, ఆ నీళ్ళ ఒడ్డునే బుట్ట ముందు ఒంటరిగా కూర్చుని, మోగిన ప్రతి ఫోనూ ఎత్తి, ముక్కూమొహం తెలియని ఆడవాళ్ళకు ధైర్యం చెప్పింది ఆ పిరికిదే.