పైడిరాజు గీసిన అక్షరాలు

"ఏంది రా ఇది?"

కాశయ్య గోడ మీంచి పీకి తెచ్చిన పోస్టరును పైడిరాజు మొహాన కొట్టాడు. భోపాల్‌పట్నం బజారులోని ఆ చిన్న ఫ్లెక్సీ దుకాణంలో ప్రింటరు ఇంకా చప్పుడు చేస్తూనే ఉంది.

పైడిరాజు కాగితం విప్పి చూశాడు. 'తర్లగూడ కాశయ్య గారి అమ్మాయి స్రవంతి పెళ్లి రద్దయింది. బంధువులు ఎవరూ రావద్దని మనవి.'

పెళ్లి రేపే.

"తర్లగూడ నుంచి ఇక్కడిదాక ఏ గోడ చూసినా ఇదే! వంటోళ్లు జీపు తిప్పుకొని పోయిండ్రు. పిలగాని తండ్రి ఫోన్ చేసి నోటికొచ్చినట్టు తిట్టిండు. నా ఇజ్జత్ తీసిందెవరో చెప్పు."

"నాకేటి తెలుస్తాది బాబాయ్?"

"నీకు గాక ఎవనికి తెలుస్తది? ఈ అక్షరాలు నీయి కావా?"

కాదనడానికి లేదు. సన్నగా, కొసలన్నీ గుండ్రంగా, కుడివైపు వాలిన అక్షరాలు. కిరండూల్ నుంచి వచ్చి దుకాణం పెట్టిన కొత్తలో పైడిరాజు కంప్యూటర్ ముందు కూర్చుని ఒక్కొక్కటే గీసుకున్న ఫాంటు అది. జీపు వెనక తలుపు మీద ఎంత పొడుగు పేరైనా ఒకే వరుసలో పట్టాలని సన్నగా గీశాడు. దూరం నుంచి చూసినా ఒత్తులు కలిసిపోకుండా మధ్యలో చోటు వదిలాడు. చాయ్ దుకాణం బోర్డుకైనా, వాలీబాల్ పోటీకైనా, పెళ్లి ఫ్లెక్సీకైనా జనం అవే కావాలనేవారు. ఆ ఫాంటు అతను ఎవరికీ ఇవ్వలేదు.

"పెళ్లికి రమ్మని కట్టిన ఫ్లెక్సీ మీద ఇవే అక్షరాలు. రావద్దన్న కాగితం మీదా ఇవే. అందుకే గదరా జనం నమ్మిండ్రు!" కాశయ్య చొక్కా పట్టుకున్నాడు. "నా బిడ్డ మీద కన్నేసినవా?"

"అమ్మతోడు లేదు బాబాయ్. నాకు పెళ్లాం, పిల్లలు ఉన్నారు."

"అయితే నా బిడ్డే చేయించిందా? పదహారేండ్లకే పెళ్లేంది, చదువుకుంటనని ఏడుస్తుంటే గదిల ఏసి తాళం పెట్టిన. ఇప్పుడు పోయి దాని కాళ్లు ఇరగ్గొడ్త!"

"ఆ పాపకేటీ తెలీదు. దాని జోలికెళ్లొద్దు."

"మరెవరు?"

పైడిరాజు కాగితం మడిచి బల్ల మీద పెట్టాడు. చెంప ఛెళ్లుమంది. రెండో దెబ్బకు పెదవి చిట్లింది. గుమ్మం ముందు జనం మూగారు గానీ ఎవరూ లోపలికి రాలేదు.

"థానాకు నడువ్. అక్కడ చెప్తవ్."

"తీసుకెళ్లండి. అక్కడా చెప్పను. మాటిచ్చేసాను."

కాశయ్య బల్ల మీది ఇనుప స్కేలు అందుకుని ఎత్తాడు. పెళ్లి బట్టల సంచితో అతని వెనకే వచ్చి, ఇంతసేపూ గుమ్మంలో నిలబడిపోయిన భార్య తిరుపతమ్మ అప్పుడు కదిలింది. అతని చేతిలోంచి స్కేలు లాగి అవతల పడేసింది.

"నువ్వు పక్కకు జరుగు! వీడు చెప్పిందాక ఇడువ."

ఆమె జరగలేదు. పైడిరాజు పెదవి మీది నెత్తురును కొంగుతో తుడిచింది.

"మిగిలిన కాగితాలు ఇటియ్యి కొడుకా," అంది. "పిలగాని ఊర్ల ఇంకా అంటియ్యాలె."