చీమ నోట్లో ఏముంది

"అది ఆహారమే," అన్నాడు భర్త, కంప్యూటర్ తెర వైపు సరిగ్గా చూడకుండానే.

"కాదండీ. పిల్ల," అంది భార్య.

ఇద్దరూ ఒకే మ్యూజియంలో, ఒకే బల్ల దగ్గర పనిచేస్తారు. బల్ల మీద గోరంత అంబర్ ముక్క ఉంది. పది కోట్ల ఏళ్ళ కిందట చెట్టు నుంచి కారిన బంక గట్టిపడి అలా రాయైపోయింది. లోపల ఒక చీమ. ఆ జాతి ఇప్పుడు భూమ్మీద లేదు. దాని దవడలు పక్కలకు కాక, కింది నుంచి పైకి మూసుకుంటాయి. వాటి మధ్య తెల్లటి పురుగులాంటిదేదో ఇరుక్కుని ఉంది.

అది వేటాడి తెచ్చుకున్న పురుగైతే పెద్ద విశేషం కాదు. పుట్టినప్పుడు అచ్చం పురుగులాగే ఉండే చీమ పిల్లయితే మాత్రం, ఈ వేట చీమలు అప్పటికే గుంపుగా బతుకుతూ పిల్లల్ని సాకేవని తేలుతుంది. పరిణామంలో ఆ గుణం ఎంత పాతదో తెలుస్తుంది.

"ఒంటి మీద గాటు లేదు చూడండి. తినేదైతే నలిగిపోయేది. బంక మెడదాకా వచ్చినా ఇది నోరు తెరవలేదు."

"వేటనీ అలాగే పట్టుకుంటాయి."

"తల చూడండి ఒకసారి, అచ్చం..."

"ఆహారమని రాసెయ్. ఇంక వదిలెయ్ దాన్ని."

అతని గొంతు పెరిగింది. పక్క గదిలో మాటలు ఆగిపోయాయి. కిందటి వానాకాలం వరదలో వాళ్ళ పాప కొట్టుకుపోయిందని అక్కడ అందరికీ తెలుసు. పాపం ఆవిడకి ఎందులో చూసినా పాపే కనిపిస్తోంది, ఆయన మాత్రం బండరాయి అని చాటుగా అనుకునేవారు.

ఆమె తెర మీది చీమ బొమ్మను ఇంకాస్త పెద్దది చేసింది. సన్నటి నూగు. బుల్లి దవడలు. చీమ పిల్లే. ఇక అనుమానం లేదు.

ఆ మాటే చెబుదామని తిరిగింది. అతను గోడ వైపు మొహం పెట్టి నిలబడి ఉన్నాడు. భుజాలు కదులుతున్నాయి.

ఆమె తెర ఆపేసింది.

"మీరన్నదే నిజమండీ. వేటే. పట్టు కూడా అంత గట్టిగా లేదు. ఇంకాసేపుంటే జారిపోయేదే."

"నిజంగానా?" అన్నాడు, ఇటు తిరక్కుండా.

"నిజంగానే."

ఆ రోజు వరద నీళ్ళలో పాప చెయ్యి పట్టుకుని నడిచింది అతనే.