రెండో పేరు

"ఈ రెండో పేరు కొట్టెయ్," అన్నాడు విభాగాధిపతి, పెన్ను బల్ల మీద ముందుకు తోస్తూ. "కొట్టేసి పక్కన సంతకం పెట్టు. మిగతాదంతా బాగుంది."

పెన్ను దొర్లుకుంటూ వచ్చి దరఖాస్తు అంచున ఆగింది. ఆమె దాన్ని తాకలేదు.

కాలేజీలో అందరూ ఆమెను పొట్టి అంటారు. ఆ రెండో పేరు గల అమ్మాయిని పొడుగు అంటారు. నాలుగేళ్లుగా ఇద్దరిదీ ఒకే బెంచీ, ఒకే హాస్టలు గది, ఒకే కంప్యూటరు. ఒకరు కనపడకపోతే రెండోవాళ్లని అడిగితే సరిపోయేది. ఇప్పుడు పరిశోధనశాలలో ఉన్న ఒక్క సీటుకీ ఇద్దరూ దరఖాస్తు పెట్టారు. ఇంటర్వ్యూలో పొట్టి వంతు ముందు వచ్చింది.

"ఎందుకు కొట్టెయ్యాలి సార్?"

"నిబంధన. గత ప్రాజెక్టులు అభ్యర్థి సొంతంగా చేసినవై ఉండాలి. నువ్వు మూడు చూపించావు. మూడింటికీ రెండేసి పేర్లు."

"మూడూ ఇద్దరం కలిసి చేశాం సార్."

బయటి నుంచి వచ్చిన నిపుణుడు కాగితాలు తిరగేశాడు. "హాస్టలు ట్యాంకు నిండబోతుంటే ఫోనుకు కబురు పంపే ప్రోగ్రాము. చిన్నదే. ఆసుపత్రిలో చీటీల వరస. సరే. మూడోది మాత్రం గట్టి పని. మోటారు చప్పుడు విని, అది ఎప్పుడు చెడిపోతుందో ముందే చెప్పడం. ఈ ఆలోచన ఎవరిది?"

"మా నాన్నకి మోటార్లు చుట్టే షాపుంది సార్. స్క్రూడ్రైవరు మొన మోటారుకి, పిడి చెవికి ఆనించి, బేరింగు పోతోందని ఇట్టే చెప్పేస్తారు. ఆ చెవి చేసే పని కంప్యూటరు చెయ్యగలదా అని నాకు చిన్నప్పట్నుంచీ ఉంది. ఇక్కడ నేను చెయ్యాలనుకుంటున్న పరిశోధన కూడా అదే."

"అయితే ఆలోచన నీదేగా!"

"ఆలోచన నాదే. పిండిమరలూ లిఫ్టు గదులూ తిరిగి రెండొందల మోటార్ల చప్పుడు రికార్డు చేసిందీ నేనే. కానీ ఆర్నెల్ల పాటు మా ప్రోగ్రాము అన్నీ తప్పులే చెప్పింది సార్. బాగున్నదాన్ని పోతుందనేది, పోయేదాన్ని నిక్షేపంలా ఉందనేది. షాపులో పనివాళ్లు దానికి జ్యోతిష్కుడని పేరు పెట్టారు."

నిపుణుడు నవ్వాడు. "తర్వాత?"

"గదిలో మాటలూ ఫ్యాను గాలీ అందులో కలిసిపోతున్నాయని కనిపెట్టింది తను. మోటారు ఆపి, ఆ గది చప్పుడు విడిగా పట్టి, దాన్ని తీసేద్దామంది. ఆ ముక్క రాసిందీ తనే. ఆ నలభై లైన్లూ లేకపోతే నా దగ్గర ఉండేది వట్టి చప్పుడే."

"నలభై లైన్లకి ఒక పేరా?" విభాగాధిపతి కళ్లజోడు తీశాడు.

"ఆ నలభై మిగలడానికి తను రాసి కొట్టేసినవి నాలుగు వేలుంటాయి సార్."

విభాగాధిపతి గొంతు తగ్గించాడు. "చూడమ్మా, నీకు మంచే చేద్దామనుకుంటున్నాం. ఇద్దరి పని అంటే సగం మార్కులే వెయ్యాలి."

"సగమే వెయ్యండి సార్. నేను చేసింది సగమే."

"సగంతో సీటు రాదు."

"రాకపోతే పోనివ్వండి."

వారం నుంచీ నాన్న షాపుకొచ్చిన ప్రతివాళ్లకీ, మా అమ్మాయి పరిశోధన చెయ్యబోతోందని చెప్పుకుంటున్నాడు. సాయంత్రం ఆయన మొహం ఎలా చూడాలో ఆమెకు తెలియలేదు.

అప్పటిదాకా మాట్లాడని ప్రొఫెసరమ్మ ముందుకు వంగింది. ఆవిడ మోచేతి కింద ఇంకో ఫైలు ఉంది. "నీ స్నేహితురాలు కూడా ఈ సీటుకే వచ్చింది, తెలుసుగా?"

"తెలుసు మేడమ్. బయటే కూర్చుంది."

"తనూ నీలాగే చెబుతుందనుకుంటున్నావా?"

"తనేం చెబుతుందో తనిష్టం మేడమ్. నేను చెప్పాల్సింది నేను చెప్పాను."

ఆవిడ మోచేతి కింది ఫైలు తెరిచి చూసి, మళ్లీ మూసేసింది.

"ఆఖరిసారి అడుగుతున్నాను," అన్నాడు విభాగాధిపతి.

పొట్టి ఆ పెన్ను తీసుకుంది. ఆయన హమ్మయ్య అన్నట్టు వెనక్కి వాలాడు. రెండో పేరులో ఒక అక్షరం కాస్త వెలిసినట్టుంది. ఆమె దాన్ని స్పష్టంగా దిద్ది, పెన్నుకు మూత పెట్టి, ఆయన ముందు ఉంచింది.

"ఇక నువ్వు వెళ్లొచ్చు," అన్నాడాయన. "సీటు మీద ఆశ పెట్టుకోకు."

వరండాలో పొడుగు గభాలున లేచి వచ్చింది. "ఏమడిగారే?"

"నీ పేరు కొట్టెయ్యమన్నారు."

"కొట్టేశావా?"

"లేదు."

"పిచ్చా నీకు? సీటు పోతుందే!"

"పోయింది కూడా."

పొడుగు మొహం పాలిపోయింది. "నేనైతే..." అంది. ఇంతలో బంట్రోతు తలుపు తీసి ఆమె పేరు పిలిచాడు.

"వెళ్లు. బయటి నుంచి వచ్చినాయన మంచివాడే, బాగా వింటాడు. నీ నలభై లైన్ల గురించి తప్పకుండా అడుగుతారు, భయపడకుండా చెప్పు," అంది పొట్టి, ఆమె చున్నీ సర్దుతూ.

పొడుగు గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. కళ్లల్లో నీళ్లు. "నేనంటే అంత నమ్మకమేంటే నీకు?"

పొట్టి నవ్వి, లోపలికి పొమ్మన్నట్టు చెయ్యూపింది. తలుపు మూసుకుంది.

పొడుగు దరఖాస్తులో ఆ మూడు ప్రాజెక్టుల పక్కనా తన పేరు లేదని పొట్టి పొద్దున్నే చూసింది.